కొత్త చేపకు విడిది

*గృహప్రవేశాలతో పాటే ఇళ్లలోకి అక్వేరియంలూ వస్తున్నాయి. శంషాబాద్, తుక్కుగూడ, మంఖాల్ చుట్టుపక్కల వెలసిన కొత్త ఫ్లాట్ల హాళ్లలో టీవీ పక్కన గాజుతొట్టి ఇప్పుడు మామూలు దృశ్యం. అందులో వేసిన చేపలు వారం తిరక్కుండానే పోవడమూ అంతే మామూలైపోయింది. ఎందుకు?*

శంషాబాద్ కార్గో గేటు దాటి వచ్చిన థర్మాకోల్ పెట్టె తెల్లారేసరికి దుకాణం నేల మీద ఉంది. పనికుర్రాడు బ్లేడుతో టేపు కోసి మూత తీశాడు. లోపల ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ ఉబ్బిన పాలిథిన్ సంచులు. ఒక్కోదాంట్లో అడుగున మూడో వంతు నీళ్లు, పైన ఆక్సిజన్, మూతికి మెలితిప్పి వేసిన రబ్బరు బ్యాండ్లు. నిన్న కోల్‌కతాలో ముడేసినప్పుడు తేటగా ఉన్న నీళ్లు ఇప్పుడు లేత పసుపు రంగుకు తిరిగాయి. చీకట్లో ప్రయాణం చేసిన నియాన్ టెట్రాల ఒంటి మీది నీలిగీత వెలిసిపోయింది. ఓ మూల సంచిలో ఏంజెల్ చేప రెక్కలు ముడుచుకుని పక్కకు ఒరిగింది. దాని దవడ పక్కన మొప్పలు మాత్రం ఆగకుండా కొట్టుకుంటున్నాయి.

పది గంటలకల్లా మంఖాల్ నుంచి ఓ కుటుంబం వచ్చింది. కొత్త ఫ్లాట్, నిన్ననే బిగించిన తొట్టి, ఆరో తరగతి పిల్లాడి చేతిలో చేపల జాబితా. “ఇయ్యాల్నే దిగినయ్ సార్, మస్తు ఫ్రెష్ మాల్” అన్నాడు దుకాణదారు. తండ్రి ముఖం వెలిగింది. నాలుగు ఏంజెళ్లు, పది నియాన్లు, రెండు గోల్డ్‌ఫిష్, పాచి తింటుందని ఒక సక్కర్ ఫిష్. మళ్లీ సంచులు, మళ్లీ రబ్బరు బ్యాండ్లు. సాయంత్రానికల్లా అన్నీ ఒకే తొట్టిలో ఈదుతున్నాయి.

మూడో రోజు పొద్దున నీటి మీద రెండు తేలాయి. అయిదో రోజుకు ఆరయ్యాయి. పిల్లాడు ఏడుస్తుంటే నాయనమ్మ దగ్గరికి తీసుకుంది. “మనింటికొచ్చే గండం దానితోని పోయింది తియ్ బిడ్డా.”

హైదరాబాద్‌లోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ చేపలు పెంచే ఇళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. ఫ్లవర్‌హార్న్ పోతే దిష్టి తీసుకుపోయిందంటారు. అరొవానా పోతే ఇంటి యజమానికి రావాల్సిన ఆపద తన మీద వేసుకుందంటారు. బాధలో ఉన్న పిల్లాడికి ఆ మాట ఊరట ఇస్తుంది, కాదనలేం. కానీ దానివల్ల ఒక నష్టం జరుగుతోంది. చేప ఎందుకు పోయిందని ఎవరూ వెతకరు. వచ్చే ఆదివారం అదే దుకాణం నుంచి ఇంకో నాలుగు చేపలు అదే నీళ్లలోకి వస్తాయి.

సంచిలో ఏం జరుగుతుంది?

మన ఇళ్లకొచ్చే చేపలు చాలా దూరం నుంచి వస్తాయి. దేశంలో అలంకార చేపల పెంపకానికి పశ్చిమ బెంగాల్, తమిళనాడు పెట్టింది పేరు. కోల్‌కతా గాలిఫ్ స్ట్రీట్ సంత, చెన్నై కొళత్తూరు పేట ఈ వ్యాపారానికి పుట్టిళ్లు. అక్కడ చెరువుల్లోనో సిమెంటు తొట్లలోనో పెరిగిన చేపను పట్టి, ప్రయాణానికి ముందు ఒకటి రెండు రోజులు పస్తు పెట్టి, సంచిలో కడతారు. సంచిలో మలినం తగ్గాలనే ఆ పస్తు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక ఈ పెట్టెలు దిగేదీ ఇక్కడే. చెన్నై సరుకు రాత్రి బస్సుల్లోనూ వస్తుంది.

పస్తు పెట్టినా చేప ఊపిరి తీస్తూనే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్‌నూ, అమోనియానూ మొప్పల ద్వారానే బయటికి వదులుతుంది. మూత బిగించిన సంచిలో రెండూ పేరుకుపోతాయి. ఇక్కడ ప్రకృతి ఒక సాయం చేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ కరిగిన కొద్దీ నీటి పీహెచ్ తగ్గుతుంది, అంటే నీళ్లు ఆమ్లం వైపు మొగ్గుతాయి. అలాంటి నీళ్లలో అమోనియాలో ఎక్కువ భాగం అమ్మోనియంగా మారి, చేపకు పెద్దగా హాని చేయకుండా ఉండిపోతుంది. అంత మురికిలోనూ చేప బతికి రావడానికి కారణం ఇదే.

సంచి విప్పగానే కథ మారుతుంది. కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలిసిపోతుంది. పీహెచ్ పెరుగుతుంది. ఇందాకటి దాకా సాధువుగా ఉన్న అమ్మోనియం మళ్లీ అమోనియా అవుతుంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమోనియాలో విషరూపంలో ఉండేది అర శాతం చిల్లర. పీహెచ్ 8కి చేరితే అది 5 శాతం దాటుతుంది, దాదాపు పది రెట్లు. “సంచి విప్పి, తొట్టి నీళ్లు గంటసేపు కొద్దికొద్దిగా పోస్తూ అలవాటు చెయ్యండి” అనే సలహా అందరికీ తెలుసు. పెట్టెలో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన చేపకు ఆ సలహా ప్రాణం మీదికి తెస్తుంది. ఆ గంటా అది విషంలోనే ఈదుతుంది.

దూరం నుంచి వచ్చిన చేప విషయంలో తొందరే మేలు. మూత విప్పకుండా సంచిని పావుగంట, ఇరవై నిమిషాలు నీళ్లపై తేలనిచ్చి వేడి సమానం చేయాలి. ఆ తర్వాత సంచి విప్పి, చేపను వలతో తీసి వెంటనే శుభ్రమైన నీళ్లలోకి వదలాలి. దుకాణంలో వారం పది రోజులు కుదురుకున్న చేపను అరగంట ప్రయాణంలో ఇంటికి తెచ్చుకుంటే అప్పుడు మాత్రం పాత పద్ధతే మంచిది. సంచిలోకి తొట్టి నీళ్లు కాసిని కాసిని కలుపుతూ అరగంట గడిపి వదలొచ్చు. రెండిట్లో ఏ పద్ధతైనా సంచి నీళ్లు తొట్టిలో పోయకూడదు.

> బాక్స్: మన నీళ్లు ఏ చేపకు?
> గ్రానైటు రాళ్ల మధ్య నుంచి వచ్చే బోరు నీళ్లు శంషాబాద్, మహేశ్వరం ప్రాంతాల్లో చాలాచోట్ల కఠినంగా ఉంటాయి. గప్పీ, మోలీ, ప్లాటీ లాంటి పిల్లలు పెట్టే చేపలకు ఈ నీళ్లు ఇష్టం. నియాన్ టెట్రా, డిస్కస్ అమెజాన్ ప్రాంతపు మెత్తటి నీళ్లకు అలవాటైన జాతులు.
> తాగునీటిలో టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మొత్తం) లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకుండా ఉండటం మేలని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. వేరే నీటి వనరు లేనిచోట 2000 దాకా అనుమతిస్తుంది. మీ ఇంటి నీళ్లు ఎక్కడున్నాయో చూసుకుని చేపను ఎంచుకోండి.
> ‘మినరల్ వాటర్ కదా’ అని ఒట్టి ఆర్‌ఓ నీళ్లు పోయొద్దు. లవణాలు దాదాపు లేని ఆ నీటిలో పీహెచ్ నిలకడగా ఉండదు.
> నల్లా నీళ్లయితే క్లోరిన్ పోవాలి. ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు డ్రమ్ములో ఉంచాలి, లేదా దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి.

నిన్న పెట్టిన తొట్టికి ప్రాణం లేదు

మంఖాల్ ఇంట్లో చేపల్ని చంపింది ఒక్క ప్రయాణమే అనుకుంటే పొరపాటు. నిన్న నింపిన తొట్టిలో ఇవాళ పదిహేడు చేపలు వేశారు. గాజు మెరుస్తుంది, రాళ్లు తళతళలాడతాయి, ఫిల్టరు బుడగలు వదులుతుంది. కానీ ఆ నీళ్లలో పనిచేసేవాళ్లు ఇంకా రాలేదు.

పనిచేసేవాళ్లంటే బ్యాక్టీరియా. చేప వదిలిన అమోనియాను ఒక రకం సూక్ష్మజీవులు నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని అది దెబ్బతీస్తుంది. దాన్ని ఇంకో రకం సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ హాని తక్కువ, వారం వారం కొంత నీళ్లు మార్చితే అదుపులో ఉంటుంది. ఈ రెండో పని చేసేది నైట్రోబ్యాక్టర్ అని పుస్తకాలు చాలాకాలం రాశాయి. అక్వేరియంలలో ఆ పని ప్రధానంగా చేసేది నైట్రోస్పైరా జాతి అని 1990ల చివర్లో పరిశోధకులు తేల్చారు. పేరు ఏదైనా అవి ఫిల్టరు స్పాంజిలో, రాళ్ల మీద కాపురం పెట్టి చాలినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఆ నెల రోజులు తొట్టి ఖాళీగా ఉండాలంటే ఇంట్లో పిల్లలు ఒప్పుకోరు. బంధువులు వచ్చి “ఇదేంటి, చేపల్లేని అక్వేరియం?” అంటారు. ఆ మాట పడటమే మేలు. చిటికెడు మేత రోజూ వేస్తూ, మొక్కలు నాటి, అమోనియా పరీక్ష కిట్‌లో రంగు మారడం చూపిస్తే పిల్లలకు అదే మంచి సైన్సు పాఠం. దగ్గరలో ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉన్నవారు తమ ఫిల్టరు స్పాంజి ముక్క ఒకటి ఇస్తే ఈ గడువు బాగా తగ్గుతుంది.

పాత తొట్టికీ ఈ లెక్క ఉంది. ఉన్న చేపలకు సరిపడా మాత్రమే బ్యాక్టీరియా ఉంటుంది. ఒక్కసారిగా పది కొత్త చేపలు చేరితే అమోనియా పోటెత్తుతుంది. అందుకే రెండు మూడు చొప్పున, మధ్యలో వారం రెండు వారాలు ఆగి చేర్చుకోవాలి.

పెళ్లివారినే నేరుగా మంటపంలోకి తీసుకెళ్లం

మగపెళ్లివారు రాగానే విడిది ఇంట్లో దింపి, కాళ్లు కడిగించి, సేదతీరనిస్తాం. కొత్త చేపకూ అలాంటి విడిది కావాలి. అనుభవం ఉన్న పెంపకందారులు దాన్ని క్వారంటైన్ ట్యాంకు అంటారు. ఈ కథనంలో పాఠకులు ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే దీన్నే గుర్తుపెట్టుకోమంటాను. ఎందుకంటే నీళ్ల సర్దుబాటులో తప్పు చేస్తే కొత్త చేప ఒక్కటే పోతుంది. విడిది లేకపోతే రెండేళ్లుగా పెంచుకున్న పాత చేపలు కూడా పోతాయి.

తెల్లమచ్చల జబ్బు సంగతే చూడండి. దుకాణాల్లో ‘ఇచ్’ అని పిలుస్తారు. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు లేస్తాయి. ప్రతి చుక్క కింద ఒక పరాన్నజీవి చర్మంలో దాక్కుని చేపను తింటూ ఉంటుంది. బలిశాక రాలి, అడుగున రాళ్ల మధ్య చేరి, చుట్టూ గూడు కట్టుకుని చీలిపోతుంది. ఒక్కటి వందల పిల్లలవుతుంది. అవి నీళ్లలోకి ఈదుకుంటూ వచ్చి ఒకటి రెండు రోజుల్లో ఏదో ఒక చేపను పట్టుకోవాలి, లేకపోతే చస్తాయి. మందు పనిచేసేది ఈ ఈదే దశలోనే. చర్మం కింద ఉన్నప్పుడు, గూట్లో ఉన్నప్పుడు మందు దాన్ని తాకదు. చుక్కలు మాయమవగానే “తగ్గిపోయింది” అని మందు ఆపేసినవారి తొట్టిలో వారం తర్వాత రెట్టింపు చుక్కలు లేచేది అందుకే.

చుక్కలు లేచే లోపు ఆ చేప చూడటానికి ఆరోగ్యంగానే ఉంటుంది. ప్రయాణంలో అలసి, పస్తుండి, కొత్తచోట బెదిరిన చేపకు రోగనిరోధక శక్తి తగ్గుతుంది. అప్పటిదాకా అణిగి ఉన్న జబ్బులన్నీ మొదటి రెండు మూడు వారాల్లో బయటపడతాయి. నగర శివార్లలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో నీళ్లు హఠాత్తుగా చల్లబడటమూ దీనికి తోడవుతుంది. హీటరు లేని తొట్టిలో ఆ కాలంలో కొత్త చేపను చేర్చకపోవడమే మంచిది.

విడిదికి పెద్ద ఖర్చు లేదు. నలభై లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, చిన్న ఎయిర్ పంపు, స్పాంజి ఫిల్టరు, చేప దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు, పైన దూకకుండా మూత. స్పాంజిని ముందుగా పెద్ద తొట్టిలో నాలుగైదు వారాలు నానబెట్టి ఉంచుకుంటే బ్యాక్టీరియాతో సిద్ధంగా ఉంటుంది. వల, బకెట్, పైపు దీనికి వేరుగా ఉండాలి. ఒకే వల రెండు తొట్లలో ముంచితే విడిది పెట్టీ ఫలితం లేదు. మూడు నాలుగు వారాలు ఉంచి, రోజూ మేత వేసే వేళ రెండు నిమిషాలు కుదురుగా కూర్చుని చూడాలి. రెక్కలు ముడుచుకుంటోందా, ఒళ్లు పైపుకేసి రుద్దుకుంటోందా, పైకొచ్చి ఆయాసపడుతోందా, మలం తెల్లటి దారంలా వేలాడుతోందా. ఏదీ లేకుండా నెల గడిస్తే అప్పుడు పెద్ద తొట్టిలోకి.

ఒక హెచ్చరిక. జబ్బు ఏమిటో తెలియకుండా టెట్రాసైక్లిన్ లాంటి మాత్రలు విప్పి నీళ్లలో వేసే అలవాటు మన దగ్గర బాగా పాతుకుపోయింది. యాంటీబయాటిక్ తెల్లమచ్చల పరాన్నజీవిని ఏమీ చేయదు. మన పక్షాన పనిచేస్తున్న బ్యాక్టీరియాను చంపుతుంది, మందులకు లొంగని సూక్ష్మజీవుల్ని పెంచుతుంది.

> బాక్స్: చేతులు జాగ్రత్త
> మైకోబ్యాక్టీరియం మెరైనం అనే సూక్ష్మజీవిని 1926లో ఫిలడెల్ఫియా అక్వేరియంలో చనిపోయిన చేపల్లో గుర్తించారు. చేతి మీద గాయం ఉండగా తొట్టిలో చెయ్యి పెడితే మనుషులకూ సోకుతుంది. మానని పుండ్లు, గడ్డలు వస్తాయి. తొట్టి కడిగాక సబ్బుతో చేతులు కడుక్కోండి. పైపు నోటితో పీల్చి నీళ్లు తీయొద్దు.

ఆంధ్ర తీరం నేర్చుకున్న పాఠం

విడిది పెట్టకపోతే ఏమవుతుందో తెలుగు రైతులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. 1994–95లో టైగర్ రొయ్యల చెరువుల మీద వైరస్ జబ్బు విరుచుకుపడింది. నెల్లూరు తీరంలో అప్పులు తెచ్చి చెరువులు తవ్విన కుటుంబాలు కుదేలయ్యాయి. ఆ దెబ్బ గుర్తుంది కాబట్టే 2009లో వనామి రొయ్యకు అనుమతిచ్చినప్పుడు కేంద్రం ఒక షరతు పెట్టింది. విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యలు నేరుగా హ్యాచరీకి పోకూడదు. చెన్నై నీలాంకరైలోని జలచరాల క్వారంటైన్ కేంద్రంలో దిగాలి, పరీక్షలు చేయించుకోవాలి, ఆ తర్వాతే బయటికి రావాలి. ఆంధ్రప్రదేశ్ ఈరోజు దేశంలోనే రొయ్యల సాగులో ముందుండటం వెనుక ఆ కట్టడి పాత్ర కూడా ఉంది.

మెహిదీపట్నం నుంచి శంషాబాద్ వెళ్లేటప్పుడు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పక్కన చేప ఆకారంలో ఒక భవనం కనిపిస్తుంది. పిల్లలు కార్లోంచి వేలు పెట్టి చూపించే ఆ భవనం జాతీయ మత్స్య అభివృద్ధి సంస్థది. 2006లో ఏర్పడిన ఈ సంస్థ అలంకార చేపల పెంపకాన్నీ ప్రోత్సహిస్తోంది. రొయ్యల విషయంలో చూపిన జాగ్రత్త అలంకార చేపలకూ కావాలి. ఇంట్లో పెంచుకునే వారికి అర్థమయ్యే తెలుగులో నాలుగు పేజీల కరపత్రం ప్రతి దుకాణం గోడ మీద ఉంటే ఎంత బాగుండును! 2017 మేలో కేంద్రం అక్వేరియం దుకాణాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. గాజు గిన్నెల్లో చేపల్ని ఉంచకూడదని కూడా అందులో ఉంది. వ్యాపారుల నుంచి వ్యతిరేకత రావడంతో కొన్ని నెలలకే వాటిని వెనక్కి తీసుకుంది. కొన్ని అంశాలు మరీ బిగువుగా ఉన్న మాట నిజమే. గిన్నెల సంగతి మాత్రం ఉంచాల్సింది.

ఎవరి పక్కన ఎవరు?

ఆరోగ్యంగా నెల గడిపిన చేప కూడా సరైన ఇంట్లో పడాలి. మంఖాల్ జాబితానే తీసుకుంటే, పెరిగిన ఏంజెల్ నోట్లో నియాన్ సులువుగా పడుతుంది. గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ల చేప, పైగా మలినం ఎక్కువ. దాన్ని ఉష్ణమండలపు చేపలతో కలపడం ఇద్దరికీ ఇబ్బందే. ఫైటర్ మగవి రెండు ఒకచోట ఉండలేవు. టైగర్ బార్బ్ పొడుగు రెక్కల చేపల్ని కొరుకుతుంది. ‘వాస్తు చేప’గా ఇళ్లకొచ్చే ఫ్లవర్‌హార్న్ ఒంటరిగానే ఉండాలి. నియాన్ల లాంటి గుంపు చేపలు ఆరుకు తక్కువైతే బెదురుతూనే బతుకుతాయి.

మొదటిసారి పెంచేవారికి నా సలహా జీబ్రా చేప. మన దేశపు వాగుల్లోనే పుట్టిన జాతి, గట్టిది, హుషారైనది. ప్రపంచమంతా ప్రయోగశాలల్లో వాడే చేప కూడా ఇదే.

కలిపే రోజు సాయంత్రం దీపం ఆర్పేయాలి. పాత చేపలకు ముందు మేత వేసి, రాళ్లు, మొక్కలు కాస్త అటూఇటూ జరపాలి. సిక్లిడ్ లాంటి చేపలు మూలలు పంచుకుని కాపలా కాస్తాయి. గుర్తులు మారితే పాతవీ కొత్తవీ అందరూ కొత్తవాళ్లే అవుతారు. ఆ రాత్రి కొత్తదానికి మేత వద్దు.

వద్దనుకున్న చేప చెరువులోకి కాదు

పాచి తింటుందని అరచేతిలో పట్టేంత సైజులో కొన్న సక్కర్ ఫిష్ అడుగు దాటి పెరుగుతుంది. తొట్టి చాలదు. చంపడానికి మనసొప్పదు. ఏ ఆదివారమో దగ్గరలోని చెరువులో వదిలేస్తారు, పుణ్యమనే అనుకుంటారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ చేపకు ఇక్కడ శత్రువుల్లేవు. ఒంటి మీద ఎముకల కవచం, వెన్ను మీద ముళ్లు. మత్స్యకారుల వలలు చింపుతుంది, ఒడ్డు తొలుస్తుంది, స్థానిక చేపల మేత లాగేసుకుంటుంది. తెలుగు జిల్లాల్లో దీన్ని దెయ్యం చేప అంటున్నారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు నీళ్లలో కరిగి ఉన్న డీఎన్‌ఏ జాడలతో దీన్ని పట్టే పద్ధతి తయారుచేశారు. తూర్పు కనుమల నీటి వనరుల్లో ఇది విస్తృతంగా పాకిందని ఆ పరీక్షల్లో తేలింది. పెంచలేని చేపను దుకాణానికే తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టి ఉన్నవారికి ఇవ్వండి. చెరువులో మాత్రం వదలొద్దు.

దుకాణాలకూ కొనేవారికీ ఒక మాట

దుకాణదారులు తొట్టి మీద ఒక చిన్న చీటీ అంటించగలరు: ఈ చేపలు దిగిన తేదీ. నష్టం ఏమీ లేదు. చేప బతికితే ఆ ఇల్లు మళ్లీ మళ్లీ మేతకు, మొక్కలకు, మందులకు వస్తుంది. మూడుసార్లు చేపలు పోయిన ఇల్లు తొట్టిని బాల్కనీలోకి నెట్టి బట్టలు పెట్టుకుంటుంది.

కూరగాయలకు తాజాదనం గొప్ప. బతికున్న చేపకు కాదు. ఈ వారం అక్వేరియం దుకాణానికి వెళ్తే ధర కంటే ముందు “ఇవి ఎప్పుడొచ్చాయి?” అని అడగండి. అదే తొట్టిలో చచ్చినవి, ఒరిగినవి ఉన్నాయేమో చూడండి. మీ ఎదుట మేత వేయమనండి, తింటోందో లేదో చూడండి. దుకాణంలో దిగి వారం దాటని చేపను కొనకండి. కొన్నదాన్ని నెల రోజుల విడిది లేకుండా పాత చేపల్లో కలపకండి.